రాత్రి మేలుకొనే బిడ్డ

పగలంతా హాయిగా పడుకుంటుంది. ఇల్లు సద్దుమణిగి అందరూ పడకలు వేసుకునే వేళకు కళ్ళు విప్పుతుంది. పదకొండుకు ఏడుపు, ఒంటిగంటకు పాలు, రెండున్నరకు మళ్ళీ ఏడుపు. తెల్లారి పక్కింటి అవ్వ వచ్చి, "ఏమ్మా, రాత్రి పాప పండుకున్నిందా?" అని అడిగితే మీకు ఏడవాలో నవ్వాలో తెలియదు. మీ ఇంట్లోనూ ఇదే కథా? అయితే ముందు ఒక మాట చెప్తాను: మీ బిడ్డలో లోపం లేదు, మీ పాలలోనూ లేదు.

కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డకు పగలూ రాత్రీ ఒకటే. మీరు తిరుగుతూ పని చేసుకుంటుంటే ఆ ఊపుకు నిద్రపోయేది, మీరు నడుం వాల్చగానే కాళ్ళు ఆడించేది. ఏడో నెలలో ఈ సంగతి మీకు అనుభవమే కదా? పుట్టాక కూడా కొన్ని వారాలు అదే లెక్కలో ఉంటుంది. రెండో నెలలో పగలూ రాత్రీ తేడా కొద్దికొద్దిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకు ఒక దారిలో పడుతుంది. అంతవరకు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కాకపోతే ముక్కలు ముక్కలుగా. కడుపు చిన్నది, తల్లిపాలు తొందరగా అరుగుతాయి. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగాల్సిన ప్రాణి రాత్రంతా ఎలా పడుకుంటుంది?

అందుకే నెల బిడ్డకు నిద్ర నేర్పాలని చూడకండి. మీ చేతిలో ఉన్నది ఇంటిని సర్దుకోవడం. వెలుతురు, పడక, వేడి, ఎవరు ఎప్పుడు మేలుకోవాలనే ఏర్పాటు, ఈ నాలుగూ కుదిరితే బిడ్డ నిద్ర దానంతటది దారికొస్తుంది.

1. పగటిని పగలులా, రాత్రిని రాత్రిలా ఉంచండి

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాతకాలపు ఇళ్ళలో బాలింత గది ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. లోపలి గది. కిటికీ మూసి, దానికి పాత చీర కట్టి ఉంటుంది. చల్లగాలి తగలకూడదని బాలింత చెవుల్లో దూది. పట్టపగలు పన్నెండింటికి కూడా ఆ గదిలో బిడ్డ మొహం సరిగా కనిపించదు. అదే గదిలో రాత్రి? బిడ్డ ఉలిక్కిపడుతుందని, గాలీ ధూళీ సోకుతుందని తెల్లవార్లూ ట్యూబులైటు వెలుగుతూనే ఉంటుంది. పగలు చీకటి, రాత్రి వెలుగు! ఆ బిడ్డ రాత్రిని పగలనుకుంటే తప్పు ఎవరిది?

దీన్ని తిరగేయండి. పొద్దున ఏడింటికల్లా కిటికీ తెరవండి. బిడ్డను ఎండలో పడుకోబెట్టమనడం లేదు, వెలుతురు ఉన్నచోట ఉంచమంటున్నాను. వసారా చాలు, తలుపు దగ్గర నీడపట్టు చాలు. పగలు ఇంట్లో మాటలు, గిన్నెల చప్పుడు, వీధిలో కూరగాయల బండి కేక మామూలుగా సాగనివ్వండి. "ష్, పాప పండుకుంది" అంటూ ఇల్లంతా మునివేళ్ళ మీద నడవనక్కర్లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టక ముందూ, పెట్టిన తర్వాతా నేతన్నల ఇళ్ళలో పిల్లలు మగ్గం పక్కనే పెరిగారు. నాడె అటూ ఇటూ కొట్టుకుంటున్నా వాళ్ళు నిద్రపోయారు. ఆగకుండా ఒకే తీరుగా వచ్చే చప్పుడు బిడ్డను పెద్దగా కదిలించదు. ఉన్నట్టుండి పడే స్టీలు చెంబే ఉలిక్కిపడేట్టు చేస్తుంది.

రాత్రి ఎనిమిది దాటాక పెద్ద లైటు ఆర్పేయండి. చిన్న బెడ్‌లైటు ఉంటే సరిపోతుంది, అదీ బిడ్డ కళ్ళకు ఎదురుగా ఉండకూడదు. రాత్రి పాలిచ్చేటప్పుడు మాట్లాడకండి, ఆడించకండి, ఫోను వెలుగు మొహం మీద పడనివ్వకండి. పాలు, తేన్పు, తడిగుడ్డ మార్చడం, మళ్ళీ పడక. అంతే. బిడ్డ మిమ్మల్ని చూసి కళ్ళు మెరిపిస్తే నాలుగు ముచ్చట్లు చెప్పాలనిపిస్తుంది. ఆ ముచ్చట్లు పొద్దుటికి దాచుకోండి.

2. నీళ్ళు పోసే వేళ ఒకసారి చూసుకోండి

చిన్న లెక్క వేద్దాం. ఉదయం పదకొండింటికి నూనె రాసి, కాళ్ళ మీద వేసుకుని, వేడినీళ్ళు పోస్తారు. పాలు తాగిన బిడ్డ ఒళ్ళు మరిచి పడుకుంటుంది. "పాపం, హాయిగా పండుకుంది, లేపొద్దు" అంటుంది అవ్వ. మూడున్నర దాకా ఒకటే నిద్ర. రోజు మొత్తంలో పెద్ద నిద్ర అక్కడే అయిపోయింది. ఇక రాత్రి గంటకోసారి లేస్తుందంటే ఆశ్చర్యం ఏముంది?

పగటిపూట రెండున్నర, మూడు గంటలకు మించి పడుకుంటే మెల్లగా లేపి పాలివ్వండి. పాదాలు నిమరండి, చుట్టిన గుడ్డ విప్పండి, ఎత్తి భుజాన వేసుకోండి. నిద్రపోయే బిడ్డను లేపడం పాపం అనే మాట పట్టించుకోకండి. బొడ్డు ఊడి, నెల దాటాక నీళ్ళు పోయడం మెల్లమెల్లగా సాయంత్రానికి జరిపి చూడండి. ముఖ్యంగా ఎండాకాలంలో సాయంత్రం స్నానం బిడ్డకూ హాయి, నీళ్ళు పోసే పెద్దమ్మ నడుముకూ హాయి. అందరు బిడ్డలకూ ఇది పనిచేస్తుందని చెప్పను. వారం చూడండి, ఫలితం లేకపోతే పాత వేళకే వెళ్ళండి.

ఒక జాగ్రత్త. పుట్టిన మొదటి వారంలో బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే. దాదాపు రెండు వారాలకు మళ్ళీ పుట్టినప్పటి బరువుకు వస్తుంది. అంతవరకు రాత్రి కూడా నాలుగు గంటలు దాటి పడుకోనివ్వకండి, లేపి పాలివ్వండి. రెండున్నర కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ విషయంలో డాక్టరు చెప్పిన వేళల ప్రకారమే నడవాలి.

3. ప్రతి మూలుగుకూ ఎత్తుకోకండి

పసిబిడ్డ నిద్రలో సగం కదిలే నిద్రే. మూలుగుతుంది, ముక్కుతుంది, నవ్వుతుంది, పెదాలు చప్పరిస్తుంది, చేతులు విసురుతుంది, ఒక్కోసారి చిన్నగా ఏడుస్తుంది కూడా. కళ్ళు మాత్రం మూసే ఉంటాయి. ఆ క్షణంలో మీరు ఎత్తుకుంటే నిద్రలో ఉన్న బిడ్డను మీరే లేపినట్టు. శబ్దం వినగానే చెయ్యి చాపకండి. పక్కనే ఉండి ఒక నిమిషం చూడండి. సర్దుకుంటే సరే. ఏడుపు పెరిగినా, నోరు తిప్పుతూ రొమ్ము వెతికినా అప్పుడు ఎత్తుకోండి.

ఇది ఏడవనిచ్చి వదిలేయడం కాదు. మూడు నెలల లోపు బిడ్డను "ఏడ్చి ఏడ్చి అదే పండుకుంటుందిలే" అని వదిలేయడం తప్పు. ఎత్తుకుంటే చేతికి అలవాటు పడుతుందన్న భయమూ ఈ వయసులో అక్కర్లేదు.

4. ఆవులింత దాకా ఆగకండి

ఈ వయసు బిడ్డ ముప్పావు గంట, మహా అయితే గంటన్నర మేలుకుని ఉండగలదు. చూపు పక్కకు తిప్పేసుకోవడం, ఒక్కచోటే చూస్తూ ఉండిపోవడం, చేతులు కాళ్ళు ఝాడించడం, ఇవన్నీ నిద్ర వస్తోందనడానికి గుర్తులు. ఏడుపు మొదలైందంటే మీరు ఆలస్యం చేసినట్టే. కళ్ళు మూతలు పడుతున్నప్పుడే, పూర్తిగా నిద్రలోకి జారకముందే పడకమీద వేసి, రొమ్ముమీద చెయ్యి ఆనించి, లాలి పాడండి. తెలుగో, కన్నడమో, ఉర్దూనో, ఆదోనిలో ఏ ఇంటి లాలి ఆ ఇంటిది. రోజూ అదే పాట పాడండి. పదిసార్లలో రెండుసార్లు పనిచేసినా మొదటి రెండు నెలలకు అది లాభమే.

5. పడక: ఇక్కడ మాత్రం రాజీ వద్దు

పైన చెప్పినవాటిలో కొన్ని పాటించినా, పాటించకపోయినా పెద్ద నష్టం లేదు. ఇది అలా కాదు, ప్రాణంతో ముడిపడిన విషయం.

బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి, పగలైనా రాత్రైనా. బోర్లా వేస్తే బాగా పడుకుంటుందని పెద్దవాళ్ళు అంటారు. నిజమే, గాఢంగా పడుకుంటుంది. ప్రమాదమూ అందులోనే ఉంది, ఊపిరి ఆడకపోయినా లేవలేనంత గాఢంగా పడుకోవచ్చు. అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఏళ్ళలో నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే పసికందుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. మందూ లేదు, మిషనూ లేదు, పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే. వెల్లకిలా ఉంటే కక్కుకుని గొంతుకు అడ్డం పడదా అని అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ భయం లేదు. కక్కితే దగ్గి మింగేస్తుంది, లేదా తల పక్కకు తిప్పుతుంది.

పడక గట్టిగా, చదునుగా ఉండాలి. మన ఇళ్ళలో ఉండే నులక మంచం, నవారు మంచం పెద్దవాళ్ళ నడుముకు సుఖమేమో గానీ బిడ్డకు పనికిరావు. నడిమధ్యన గుంత పడుతుంది, బిడ్డ దొర్లి మీ ఒంటి కిందికి వస్తుంది. నేలమీద చాప, దానిమీద మడత పెట్టి బిగువుగా పరిచిన బొంత చాలా మేలు. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన బేబీ కిట్‌లో దోమతెర పరుపు ఉంటే దాన్ని అటకెక్కించకుండా వాడండి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, రాగుల దిండు, పక్కన అడ్డం పెట్టే దిండ్లు, బొచ్చు బొమ్మ, మందపాటి దుప్పటి అన్నీ తీసేయండి. మెళ్ళో తాయెత్తు దారం ఉంటే పడుకునేటప్పుడు విప్పండి. మొలతాడుతో ఇబ్బంది లేదు, మెడలో దారం మాత్రం వద్దు.

బిడ్డ ఎవరి పక్కన పడుకోవాలి? డాక్టర్లు చెప్పేది ఒకే గదిలో, వేరే పడకమీద అని, కనీసం మొదటి ఆరు నెలలు. ఒక్క గది ఇంట్లో నలుగురు పడుకునేవాళ్ళకు ఇది చెప్పినంత సులువు కాదు, నాకు తెలుసు. బొంత పక్కన ఇంకో బొంత వేయండి, మధ్యలో జానెడు ఖాళీ ఉంచండి. అలా కుదరక మీ పక్కనే వేసుకుంటే మాత్రం తల్లి పక్కనే ఉండాలి. అమ్మానాన్నల నడుమ వద్దు, అన్నల అక్కల నడుమ అసలే వద్దు. బీడీ, సిగరెట్టు తాగే మనిషి పక్కన, మందు కొట్టి వచ్చిన మనిషి పక్కన బిడ్డను ఎప్పుడూ పడుకోబెట్టకండి. ఈ మాట ఇంట్లో అనడం కష్టమే. అత్తతోనో, అవ్వతోనో అనిపించండి.

ఇక తొట్టిల. దూలానికి చీర కట్టి ఊపితే ఆగని ఏడుపు ఉండదు. కోసిగి, కౌతాళం వైపు నుంచి గుంటూరు మిరప చేలకు వలసపోయే కుటుంబాల్లో చెట్టుకొమ్మకు కట్టిన చీరే బిడ్డకు ఇల్లు. దాన్ని తీసిపారేయమని చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఏడుపు మాన్పడానికి, కళ్ళముందు ఉన్నంతసేపు వాడుకోండి. చీరలో బిడ్డ ముడుచుకుపోయి గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి సరిగా ఆడదు. గుడ్డ మొహంమీద పడే ప్రమాదమూ ఉంది. అందుకే నిద్రపోగానే చదునైన పడకమీదికి మార్చండి. రాత్రి నిద్రకు తొట్టిల వద్దు. ముడి రోజూ చూడండి. కింద రాయి, రుబ్బురోలు లాంటివి లేకుండా చూసుకోండి.

6. మార్చి నుంచి జూన్ దాకా

మన వైపు ఎండలు 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ కాలంలో పుట్టిన బిడ్డకు కూడా ఉన్ని టోపీ, సాక్సులు, రెండు పొరల గుడ్డలు చుట్టి పెట్టడం చూస్తుంటాం. బిడ్డకు చెమట పడితే నిద్ర పట్టదు. పైగా ఒళ్ళు మరీ వేడెక్కడం ప్రమాదం. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నాయని కంగారు పడకండి. మెడ వెనక, రొమ్ముమీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వేడిగా, చెమటగా ఉంటే ఒక పొర తీసేయండి. మీరు వేసుకున్నదానికన్నా ఒక పొర ఎక్కువ చలికాలానికి సరే, మే నెలలో పలచటి నూలు చొక్కా చాలు.

ఫ్యాను వేయొచ్చు. కూలరూ వేయొచ్చు, గాలి నేరుగా మొహానికి కొట్టకుండా పక్కకు తిప్పండి. కరెంటు పోయిన రాత్రి మిద్దెమీద పడుకుంటే దోమతెర కట్టండి, పిట్టగోడకు దూరంగా పడక వేయండి. దాహమేస్తుందని నీళ్ళు పట్టకండి. తల్లిపాలలో 88 శాతం దాకా నీళ్ళే. ఆరు నెలల దాకా ఇంకేమీ అక్కర్లేదు. ఆ నీళ్ళు తాగాల్సింది మీరు.

నిద్రకని పెట్టేవి, పెట్టకూడనివి

సాన మీద జాజికాయ అరగదీసి నాకిస్తే బిడ్డ బాగా పడుకుంటుంది అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. పడుకుంటుంది, ఎందుకంటే జాజికాయకు మత్తు గుణం ఉంది, మోతాదు మించితే విషం. ఎంత మించితే అనేది సాన మీద ఎవరు కొలుస్తారు? వస, తేనె, గ్రైప్ వాటర్ కూడా వద్దు. తేనె ఏడాది దాకా ముట్టించకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే జలుబు సిరప్ "కాస్త మత్తుగా పడుకుంటుందని" పట్టేవాళ్ళున్నారు, అది అన్నిటికన్నా ప్రమాదం. స్నానం తర్వాత గది నిండా పట్టే సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పొగే, వాసన బాగున్నంత మాత్రాన మారదు.

సందెవేళ ఏడుపుకు మాత్రం మందూ లేదు, దోషమూ లేదు. రెండో మూడో వారంలో మొదలై, ఆరో వారానికి బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. దిష్టి తీస్తామంటారా? తీయండి, ఎర్రనీళ్ళతో బిడ్డకు పోయేదేమీ లేదు, అవ్వకు మనసు కుదుటపడుతుంది. ఎండుమిరపకాయలు మాత్రం పొయ్యిలో వేసి ఇల్లంతా ఘాటు చేయకండి.

అమ్మ నిద్ర ఎవరి పని?

ఆదోని జిన్నింగు మిల్లుల్లో పత్తి కాలం వచ్చిందంటే షిఫ్టులు నడుస్తాయి. ఒకే మనిషి రాత్రీ పగలూ మిషను ముందు నిలబడలేడని మేస్త్రీకి తెలుసు. మరి ఇంట్లో బాలింతను మాత్రం 24 గంటల షిఫ్టులో ఎందుకు నిలబెడతాం?

రాత్రిని రెండు ముక్కలు చేయండి. తొమ్మిది నుంచి రెండు దాకా బిడ్డను చూసుకునేది అవ్వ లేదా నాన్న. ఏడిస్తే వాళ్ళు లేస్తారు, గుడ్డ మారుస్తారు, ఆకలైతే తల్లి పక్కకు తెస్తారు, తాగాక వాళ్ళే తీసుకుని తేన్పు తీసి పడుకోబెడతారు. తల్లి లేచి కూర్చోవాల్సిన పని ఒక్కటే, పాలివ్వడం. రెండు దాటాక తల్లి వంతు. "పొద్దున్నే డ్యూటీకి పోవాల" అంటాడు నాన్న. నాయనా, మీ భార్య కూడా పొద్దున్నే డ్యూటీలోనే ఉంటుంది. పుట్టింట్లో పురుడు పోసుకుంటే నాన్న దూరంగా ఉంటాడు కాబట్టి ఆ భారం మొత్తం అమ్మమ్మ మీద పడుతుంది. శని, ఆదివారాలు నాన్న వచ్చినప్పుడు ఆ రెండు రాత్రులు తనే తీసుకుంటే అమ్మమ్మ కాస్త నడుం వాలుస్తుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ళకు వేళ చెప్పండి. ఉదయం పది నుంచి పన్నెండు దాకా రమ్మనండి. అటుపైన తల్లీబిడ్డా పడుకునే సమయమని తలుపు దగ్గర ఎవరో ఒకరు చెప్పాలి. బాలింత చెబితే తలబిరుసు అంటారు, అవ్వ చెబితే ఊరుకుంటారు. బిడ్డ పగలు పడుకున్నప్పుడు మీరు బట్టలు ఉతక్కండి, మీరూ పడుకోండి.

రెండు వారాలు దాటినా ఊరికే ఏడుపు రావడం, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఎందుకీ బతుకు అనిపించడం జరుగుతుంటే దాన్ని "బాలింత నీరసం" అని కొట్టిపారేయకండి. టెలి మానస్ నంబరు 14416. ఫోను చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఎప్పుడు ఆగకూడదు?

ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆరు సార్లు. వచ్చినప్పుడు నిద్ర గురించి కూడా అడగండి, బరువు తూయించండి. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే.

ఈ కిందివాటిలో ఒక్కటి కనిపించినా ఆమె వచ్చేదాకా ఆగకండి: ఎంత లేపినా లేవకపోవడం, పాలు పట్టకపోవడం, ఒళ్ళు 38 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో 100.4 దాటడం, లేదా చల్లబడిపోవడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీల్చడం, పెదాలు నీలంగా మారడం, అరిచేతులు అరికాళ్ళ దాకా పసుపు రంగు తేలడం, ఫిట్స్. అది అర్ధరాత్రయినా సరే, మంత్రగాడి దగ్గరికో, మెడికల్ షాపుకో కాదు, 108కి ఫోను చేసి ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. దారిపొడవునా బిడ్డను మీ ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకోండి.